ఎండిన అడవి, నిండిన చెరువులు

"హార్ట్స్‌కా? అక్కడేముందిరా, చచ్చిన చెట్లు తప్ప?"

జర్మనీలోని హనోవర్‌లో మా పక్క వీధిలో ఉండే మిత్రుడి మాట ఇది. అతను ఆ వేసవికి పది రోజుల్లో ఐదు దేశాలు చుట్టే టూరు బుక్ చేసుకున్నాడు. పొద్దున ఒక దేశంలో ఇడ్లీ, రాత్రికి ఇంకో దేశంలో పప్పన్నం. నేను తీసుకున్నది ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న హార్ట్స్ కొండల్లో, ఒకే చోట, గుడారం వేసుకునే జాగా. ఎనిమిది రోజులకు. అతను నన్ను చూసి జాలిపడ్డాడు. నిజం చెప్పొద్దూ, బయల్దేరే ముందు రోజు రాత్రి నాక్కూడా నా మీద కొంచెం జాలి వేసింది.

ఐదు దేశాల టూర్లను వెక్కిరించే హక్కు నాకు లేదు. నేనూ రెండుసార్లు వెళ్ళాను. వాటిలో నాకు గుర్తున్నవి బస్సు సీటు గుడ్డ మీది డిజైను, కారు పార్కింగుల్లో తిన్న పులిహోర, "ఇరవై నిమిషాలే టైమ్" అనే గైడు కేక. ఫోటోలు బాగా వచ్చాయి. పిల్లలకు ఆ ఫోటోలు చూపించి ఇది ఏ ఊరు అని అడిగితే చెప్పలేరు. నేనూ తడుముకుంటాను.

అయితే మిత్రుడి మాటకు జవాబు చెప్పాలి. హార్ట్స్‌లో చచ్చిన చెట్లున్న మాట అబద్ధం కాదు. అవి ఉన్నందుకే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలని నా వాదన. అది కూడా హోటల్లో దిగి బాల్కనీలోంచి చూపించడం కాదు, గుడారం వేసి.

ఉత్తర జర్మనీ అంతా బల్లపరుపు నేల. దాని మధ్యలోంచి ఉన్నట్టుండి లేచే కొండల గుంపు హార్ట్స్. అన్నిటికన్నా ఎత్తయిన బ్రోకెన్ శిఖరం 1,141 మీటర్లు. ఆల్ప్స్ చూసొచ్చినవాళ్ళు దీన్ని కొండ అనడానికి కూడా ఒప్పుకోరు. మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు కూడా లేదు. కానీ చుట్టూ ఏమీ లేని చోట అదే పెద్ద కొండ, దాని మీదే మబ్బులన్నీ ఆగుతాయి. ఈ మబ్బుల సంగతి తర్వాత మా గుడారానికి బాగా అర్థమైంది.

గోస్లార్ ఊరు దాటి ఘాటు రోడ్డెక్కిన కాసేపటికే మొదలైంది. కొండ వాలు మొత్తం బూడిద రంగు. ఆకుల్లేవు, కొమ్మల్లేవు, ఎవరో వేలకు వేలు కరెంటు స్తంభాలు పాతి తీగలు లాగడం మర్చిపోయినట్టు. కారులో మాటలు ఆగిపోయాయి. వెనక సీట్లోంచి పన్నెండేళ్ళ కూతురు, "ఇక్కడ నిప్పంటుకుందా నాన్నా?" అంది. ముందు సీట్లో కూర్చున్న మా బాపు, "అగ్గి గాదు బిడ్డా. అగ్గయితే నల్లగుండాలె. ఇది చెదల లెక్కుంది" అన్నాడు.

బాపు అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వరంగల్ దగ్గర పల్లెటూళ్ళో వ్యవసాయం చేశాడు, చెరువు కింద మూడెకరాలు. ఆ వేసవికి మా దగ్గరకు వచ్చాడు. అమ్మ మాత్రం చెల్లి ప్రసవానికని హనుమకొండలోనే ఉండిపోయింది. ఆయన చెప్పింది దాదాపు నిజమే. చెదలు కాదుగానీ పురుగే.

నాలుగైదు మిల్లీమీటర్లుండే బెరడు పురుగు అది. సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్టు బెరడు కింద దూరి, నిలువునా ఒక సొరంగం తవ్వి, దాని పక్కల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు అక్కణ్ణించి అటూ ఇటూ తలా ఒక దారి తొలుచుకుంటూ పోతాయి. చెట్టు తిండి ప్రయాణించేది సరిగ్గా ఆ పొరలోనే కాబట్టి చెట్టు మాడిపోతుంది. బెరడు ఊడదీసి చూస్తే ఆ సొరంగాలు అచ్చు వేసిన పంక్తుల్లా కనిపిస్తాయి. జర్మన్లు ఈ పురుగుకు పెట్టిన పేరే 'అచ్చు వేసేవాడు'.

ఆరోగ్యంగా ఉన్న స్ప్రూస్‌కు దీన్ని ఎదుర్కొనే ఉపాయం ఉంది. పురుగు దూరిన చోట జిగురు బంక కార్చి అందులోనే ముంచి చంపేస్తుంది. బంక ఊరాలంటే చెట్టులో నీళ్ళుండాలి. 2018 నుంచి వరసగా మూడేళ్ళు వానలు మొహం చాటేశాయి. చెట్లలో బంక లేదు, పురుగులకు అడ్డు లేదు. ఇందులో ఒక చిత్రం చూడండి. జర్మన్ భాషలో 'హార్ట్స్' అన్న మాటకు చెట్టు బంక అనే అర్థం కూడా ఉంది. కొండల పేరు వచ్చింది ఆ మాట నుంచి కాదు, కొండ అడవి అనే అర్థమున్న పాత మాట నుంచి. అయినా బంక పేరున్న కొండల్లో బంక లేక చెట్లు చచ్చిపోయాయి.

కానీ పురుగు, కరువు మాత్రమే చెప్పి ఊరుకుంటే పిల్లలకు సగం కథే చెప్పినట్టు. ఈ చెట్లు అసలు ఇక్కడ ఇన్ని ఎందుకున్నాయి? కొండ పైభాగాల్లో స్ప్రూస్ సహజంగా పెరిగేదే. కింది వాలుల్లో ఉండాల్సింది వేరే అడవి, ముఖ్యంగా బీచ్ చెట్లు. సముద్రపు బీచి కాదు, వెడల్పాటి ఆకుల చెట్టు పేరే అది. ఈ కొండల్లో వెండి, సీసం, రాగి తవ్విన గనులవాళ్ళు ఆ పాత అడవిని నరికేశారు. గని లోపల కప్పు కూలకుండా మొద్దులు కావాలి, లోహం కరిగించడానికి బొగ్గు కావాలి. నరికిన చోట తొందరగా, నిటారుగా పెరిగే స్ప్రూస్‌ను వరసలు పెట్టి నాటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నష్టపరిహారం కింద బ్రిటిష్ వాళ్ళు మళ్ళీ ఎకరాలకు ఎకరాలు కొట్టుకుపోయారు, అక్కడా మళ్ళీ స్ప్రూసే నాటారు. ఒకే జాతి, ఒకే వయసు, పక్కపక్కనే. పురుగుకు విస్తరి వేసి పెట్టినట్టు.

మన పత్తి చేలల్లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలా? బాపుకు చెప్పనక్కర్లేకపోయింది. "అంతా ఒక్కటే పంటేసిన్రు" అని ఊరుకున్నాడు.

గుడారం దగ్గరికి వద్దాం. జర్మనీలో అడవిలో ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయడం చట్టరీత్యా కుదరదు. దానికోసం కట్టిన మైదానాలుంటాయి. చోటుకు ఇంత, మనిషికి ఇంత, కరెంటుకు ఇంత, ఊరికి కట్టాల్సిన సందర్శకుల పన్ను ఇంత అని బిల్లు వేస్తారు. ఆ బిల్లు చూసి బాపు ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఇన్ని పైసల్ వెట్టి నేల మీద పండుడా? మేడారంల ఎవడన్న పైసలడుగుతడా?"

ఆ ప్రశ్న నన్ను చాలాసేపు వదల్లేదు. క్యాంపింగ్ అనగానే మనవాళ్ళు అదేదో తెల్లవాళ్ళ సరదా అనుకుంటారు. మేడారం జాతరకు ఎడ్లబండి కట్టుకుని, బండి కిందే బియ్యం మూట, గిన్నెలు, పిల్లలు సర్దుకుని, జంపన్న వాగు ఒడ్డున మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని, నాలుగు రోజులు అడవిలో గడిపి వచ్చిన మనిషి మా బాపు. లక్షల మందికి అది ఇప్పటికీ మామూలు విషయమే. మనకు గుడారం కొత్త కాదు. ఎటొచ్చీ మనం దేవుడి పేరు లేకుండా గుడారం వేయం. ఊరికే కొండను చూడ్డానికి నేల మీద పడుకోవడం మనకు పిచ్చిగా కనిపిస్తుంది, అంతే.

ఇక చోటు ఎంచుకోవడం. మా క్యాంపు క్లౌస్టాల్ అనే ఊరి దగ్గర, ఒక పాత చెరువు ఒడ్డున. నాకు ఇచ్చిన హద్దుల్లో ఒక మూల గడ్డి పచ్చగా, మెత్తగా, చదునుగా ఉంది. అక్కడే దించాను. బాపు అటూ ఇటూ నడిచి వచ్చి, "ఇది పల్లంరా. గడ్డి ఇక్కడనే ఎందుకింత పచ్చగుందో చూసినవా?" అన్నాడు. నేను డబ్బా మీద ఉన్నది చదివి వినిపించాను. ఈ గుడారం అడుగు గుడ్డ 5,000 మిల్లీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందని. ఆయన ఇంకేం అనలేదు. చదువుకున్నోడివి, నీ ఇష్టం అన్నట్టు ఒక చూపు చూశాడు.

రెండో రాత్రి రెండు గంటలకు ఉరిమింది. అరగంటలో గాలి పరుపు కింద ఏదో కదులుతోంది. అడుగు గుడ్డ నీళ్ళను లోపలికి రానివ్వని మాట నిజమే, కానీ గుమ్మం దాటి వచ్చినవాటిని బయటికి పోనివ్వదని డబ్బా మీద రాయలేదు. ఐదుగురం తడిసిన దుప్పట్లతో కారులో దూరి తెల్లవార్లూ కూర్చున్నాం. నా భార్య మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది. బాపు కిటికీ అద్దం తుడిచి వాన ఎటునుంచి ఎటు పారుతోందో చూస్తూ కూర్చున్నాడు. తెల్లారాక ఆయన చూపించిన చోట, కొంచెం ఏటవాలుగా, చూడ్డానికి ఏమాత్రం బాగోని చోట గుడారం మళ్ళీ వేశాం. ఆ తర్వాత రెండుసార్లు వాన పడింది, చుక్క లోపలికి రాలేదు.

పక్కన ఏళ్ళ తరబడి క్యారవాన్ పెట్టుకుని ఉంటున్న ముసలి దంపతులున్నారు. వాళ్ళ చుట్టూ చిన్న కంచె, కంచె లోపల మట్టి మరుగుజ్జు బొమ్మలు, పూల తొట్లు. మా తడి దుప్పట్లు చూసి ఏమీ అడక్కుండా ఎత్తుకుపోయి మెషీన్‌లో ఆరబెట్టి తెచ్చిచ్చారు. ఇక్కడి క్యాంపుల్లో మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా చప్పుడు చేయకూడదు, రాత్రి పది తర్వాత సరేసరి. మొదటి రోజు ఒంటిగంటన్నరకు మా కుక్కర్ మూడు కూతలు కూసింది. నిర్వాహకుడు సైకిల్ మీద వచ్చి గడియారం చూపించి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా పప్పు పదకొండింటికల్లా ఉడికేది.

ఇప్పుడు చెరువుల గురించి చెప్పాలి. నేను రాయాలనుకున్నది నిజానికి దీని కోసమే.

క్యాంపు పక్కన పిల్లలు ఈత కొడుతున్న ఆ నీళ్ళను నేను మామూలు సరస్సు అనుకున్నాను. సాయంత్రం బాపు ఒడ్డు వెంట నడిచి వచ్చి, "ఇది దేవుడు చేసింది గాదు, మనిషి గట్టింది. గది కట్ట. గదీ మత్తడి" అన్నాడు. నిజమే. ఒక పక్క నిటారుగా గడ్డి పరిచిన మట్టికట్ట, కొసన ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే రాతి కాలువ. కట్ట మీద బోర్డు ఉంది. గనుల కోసం కట్టిన చెరువట.

ఎగువ హార్ట్స్‌లో ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. ముఖ్యంగా 16 నుంచి 19వ శతాబ్దం దాకా, ఒకదాని కింద ఒకటి చెరువులు, వాటిని కలుపుతూ కొండ చుట్టూ పాకే వందల కిలోమీటర్ల కాలువలు, కొండను తొలుచుకుని పోయే సొరంగాలు. ఇప్పటికీ 65 చెరువులు, 70 కిలోమీటర్ల కాలువలు పనిచేసే స్థితిలో ఉన్నాయి. ఈ మొత్తం ఏర్పాటును 'ఓబర్‌హార్ట్సర్ వాసర్‌రెగాల్' అంటారు. మా అమ్మాయి దీన్ని 'నీళ్ళ అలమార' అని అనువదించింది. జర్మన్‌లో రెగాల్ అంటే అలమారే కదా! ఇక్కడి రెగాల్ వేరు. రాజుకు మాత్రమే చెందిన హక్కు అని అర్థం. కొండ మీద పడే నీళ్ళ మీద ఏలికకు హక్కు, ఆయన ఆ నీళ్ళను గనులకిస్తాడు. అయినా మెట్లు మెట్లుగా ఉన్న ఆ చెరువుల్ని మ్యాపులో చూస్తే అలమార అనడమే నయమనిపించింది.

గొలుసుకట్టు చెరువులు! పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండడం. కాకతీయుల నాటి నుంచి మనకు తెలిసిన పద్ధతి. కట్ట కట్టిన తీరు మాత్రం వేరు. మన దగ్గర మొరం, నల్లమట్టి తొక్కించి కడతారు. వీళ్ళు నీళ్ళు ఊరకుండా గడ్డితో సహా కోసిన మట్టిపెళ్ళలను వరసగా పేర్చారు. 1715లో మొదలుపెట్టి 1722కు పూర్తిచేసిన ఓడర్‌టైష్ అనే చెరువు, 19వ శతాబ్దం చివరి దాకా జర్మనీలోకెల్లా పెద్ద ఆనకట్ట. దాని కట్ట మీద నడిచాం. రాళ్ళు ఒకదానికొకటి ఎంత బాగా అతికాయంటే మా ఎనిమిదేళ్ళ పిల్లాడు సందులో గడ్డిపోచ దూర్చాలని పావుగంట ప్రయత్నించాడు.

ఇంకో చెరువు దగ్గర కట్టను ఆనుకుని ఒక చిన్న చెక్క గుడిసె ఉంది. చుట్టూ నీళ్ళు, మనిషి ఉండే వీల్లేదు. ఇదేమిటని పిల్లలడిగారు. పక్కన బోర్డు ఉంది కానీ చదివేలోపే బాపు, "తూము. తూమే ఇది" అన్నాడు. కట్ట అడుగున నీళ్ళు పోయే గొట్టం ఉంటుందని, దాని నోట్లో ఒక బిరడా ఉంటుందని, బిరడాకు పైదాకా ఒక కర్ర కట్టి ఉంటుందని, ఆ కర్రను పైకి లాగితే నీళ్ళు కదులుతాయని, ఎంత లాగాలో నీరటికి మాత్రమే తెలుస్తుందని చెప్పాడు. తమ ఊరి నీరటి రాత్రిపూట ఈదుకుంటూ వెళ్ళి తూము మూసిన సంగతి కూడా చెప్పాడు. అప్పుడు మా అమ్మాయి బోర్డు చదివింది. గొట్టం చెక్కది, బిరడా చెక్కది, పైకి లాగే కర్ర, దాన్ని కాపాడే గుడిసె. నీరటి ఈత తప్ప అన్నీ ఉన్నాయి అందులో.

బాపుకు జర్మన్ రాదు. ఇంగ్లీషూ అంతంతే. వచ్చి రెండు నెలలైనా మా అపార్ట్‌మెంట్‌లో ఆయన ఒక్క విషయం కూడా మాకు చెప్పలేదు, అన్నీ మేమే చెప్పాం. లిఫ్టు ఇలా, చెత్త డబ్బాలు ఇలా, సిగ్నల్ ఇలా. ఆ కట్ట మీద మొదటిసారి ఆయన చెప్తుంటే మేం విన్నాం. ఐదు దేశాల టూరులో ఈఫిల్ టవర్ కింద నిలబెట్టి ఫోటో తీసి ఉంటే ఇది జరిగేది కాదని నా నమ్మకం.

ఆయన తర్వాతి ప్రశ్న, "ఆయకట్టు ఎంత?" ఈ నీళ్ళ కింద ఎన్నెకరాలు పారుతుంది అని. ఒక్కెకరం కూడా లేదు. ఈ నీళ్ళన్నీ చక్రాలు తిప్పడానికే. వెండి, సీసం, రాగి కోసం లోతుగా తవ్వినకొద్దీ గనిలోకి నీళ్ళు ఊరతాయి, తోడకపోతే పని ఆగుతుంది. ఆవిరి యంత్రాలు లేని రోజులు. చెరువు నీళ్ళతో పెద్ద పెద్ద చక్రాలు తిప్పి, ఆ చక్రాలతో గనిలో నీళ్ళు పైకి తోడారు, రాయిని లాగారు. "నీళ్ళతోటి నీళ్ళు తోడుడా!" అని బాపు చాలాసేపు నవ్వుకున్నాడు. గోస్లార్ దగ్గర రామెల్స్‌బెర్గ్ గనిలో భూమి లోపలే తిరిగిన ఆ చక్రాల్ని చూశాక నవ్వు తగ్గింది. వెయ్యేళ్ళకు పైగా తవ్విన గని అది, 1988లో మూసేశారు. యునెస్కో 1992లో ఆ గనిని గోస్లార్ పాత ఊరితో కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. 2010లో ఈ చెరువులు, కాలువలు కూడా చేరాయి.

చెరువులు, కాలువలు! నాకు అక్కడ మనసు చివుక్కుమంది. మన రామప్పకు 2021లో అదే గుర్తింపు వచ్చింది, చాలా సంతోషించాం. కానీ అది గుడి పేరున వచ్చింది. గుడి పక్కన చెరువుకు బోర్డు మీద తూము బొమ్మ గీసి పిల్లలకు అర్థమయ్యేలా రాసిపెట్టడానికి ఏ యునెస్కో అనుమతీ అక్కర్లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మా ఊరి చెరువు పూడిక తీశారు, బాపు ఆ మట్టిని తన పొలంలో తోలించుకున్నాడు. కట్ట మీద శిలాఫలకం ఉంది. అందులో నాయకుల పేర్లున్నాయి, చెరువు కథ లేదు.

ఇక్కణ్ణించే నాకూ బాపుకూ ఆ చచ్చిన చెట్ల మీద వాదన మొదలైంది, ఎనిమిది రోజులూ సాగింది. హార్ట్స్ జాతీయ పార్కు దాదాపు 25 వేల హెక్టార్లు. 2006లో, తూర్పు పడమర భాగాల్లోని రెండు పార్కులు కలిసి ఒకటయ్యాయి. పార్కు లోపల చాలాచోట్ల చచ్చిన చెట్లను తీయరు. ప్రకృతిని ప్రకృతిగా ఉండనివ్వాలి అన్నది వాళ్ళ సూత్రం. పార్కు బయట మాత్రం నరికి, రకరకాల చెట్లు నాటుతున్నారు. బాపుకు ఈ వదిలేయడం అస్సలు నచ్చలేదు. "చెరువుల పూడిక తియ్యకుంట ఇడిసిపెడితే బాగుపడుద్దా? చెడగొట్టింది మనుషులే అయినప్పుడు బాగు జేసుడు గూడ మనుషుల పనే గద?" పైగా ఎండు కట్టె అగ్గికి మేత అన్నాడు. అదీ నిజమే. 2022 సెప్టెంబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ బ్రోకెన్ చుట్టుపక్కల పెద్ద మంటలే లేచాయి.

అయినా నేను పార్కు పక్షమే. చెరువు మనిషి చేసిన యంత్రం, మనిషి చూసుకోకపోతే అది చెరువుగా ఉండదు. ఆ స్ప్రూస్ వరసలు కూడా యంత్రమే, గని కోసం నాటిన యంత్రం. గని మూతపడింది. ఇంకా ఆ వరసల్ని ఎవరి కోసం నిలబెట్టాలి? దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ బూడిద స్తంభాల కింద నేల ఖాళీగా లేదు. నడుమెత్తు దాకా గులాబీ, ఊదా కలిసిన పూలు. వాటి మధ్య బర్చ్ పిలకలు, ఎర్ర గుత్తుల రోవన్ చెట్లు. పడిపోయిన మొద్దు మీదే చిన్న చిన్న స్ప్రూస్ మొలకలు. పాత అడవిలో ఎండ నేలను తాకేది కాదు, ఇప్పుడు తాకుతోంది. బాపు ఒక పూటంతా ఆ మొలకల మధ్య వంగి వంగి నడిచి, "వస్తున్నయ్, వస్తున్నయ్" అని మాత్రం ఒప్పుకున్నాడు. వాదన ఒప్పుకోలేదు.

బ్రోకెన్ గురించి రెండు మాటలు. నేనూ పిల్లలూ టోర్ఫ్‌హౌస్ అనే ఊరి నుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిచి ఎక్కాం. 1777 డిసెంబరులో జర్మన్ కవి గోథే మంచులో ఎక్కిన కొండ ఇది, ఆ దారికి ఆయన పేరే పెట్టారు. నా భార్య, బాపు చిన్న గేజి రైల్లో వచ్చారు. టికెట్టు ఖరీదు ఎక్కువే కానీ అది నిజమైన బొగ్గింజను, 1950ల్లో కట్టిన రకం. కాజీపేట జంక్షన్‌లో చిన్నప్పుడు పీల్చిన పొగ వాసన అని బాపు దిగేదాకా కిటికీ వదల్లేదట. పైన ఏం కనిపించింది? ఏమీ లేదు. ఏడాదిలో మూడు వందల రోజులు పొగమంచుండే శిఖరం అది, మాకు మిగతా అరవై రోజుల్లో ఒకటి దొరకలేదు.

కానీ పిల్లలకు అక్కడ చెప్పాల్సింది చూపుకు సంబంధించినదే. 1961 నుంచి 1989 దాకా ఈ శిఖరం తూర్పు జర్మనీ, సోవియట్ దళాల చేతిలో ఉంది. పడమటివాళ్ళ మాటలు దొంగచాటుగా వినే కేంద్రం, చుట్టూ కాంక్రీటు గోడ. టోర్ఫ్‌హౌస్‌లో నిలబడి పడమటివాళ్ళు బైనాక్యులర్లతో చూసేవాళ్ళు, ఎక్కే వీల్లేదు. కింద షీర్కె ఊళ్ళో ఉన్న తూర్పువాళ్ళకూ ఎక్కే వీల్లేదు. బెర్లిన్ గోడ తెరుచుకున్నాక కూడా ఇది మూసే ఉంది. 1989 డిసెంబరు 3న జనం నడుచుకుంటూ పైకొచ్చి గేటు తీయమని పట్టుబట్టారు, తీశారు. మేం నడిచిన దారిలో కొంతభాగం సరిహద్దు కాపలా బండ్ల కోసం పరిచిన చిల్లుల కాంక్రీటు పలకలే. ఆ చిల్లుల్లో ఇప్పుడు గడ్డి.

ఇక నా భార్య మాట. నేను ఇంతసేపు గుడారాన్ని పొగిడాను కాబట్టి ఇది కూడా రాయడం న్యాయం. మూడో రోజు పొద్దున ఆమె అంది, "నీకు ఇది సెలవు. నాకు వంటగది మోకాళ్ళ ఎత్తుకు దిగింది, అంతే." దీనికి నా దగ్గర వాదన లేదు. ఒంటి పొయ్యి మీద ఐదుగురికి, వంగి వండటం, చన్నీళ్ళ తొట్టి దగ్గర వరసలో నిలబడి గిన్నెలు కడగటం. క్యాంపింగ్ అందాల గురించి రాసే మగవాళ్ళలో చాలామంది గిన్నెలు కడిగిన దాఖలాలుండవు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం వంట నాది, గిన్నెలు పిల్లలవి, పొద్దున రొట్టెలు ముందురోజే రాయించి ఆఫీసులోంచి తెచ్చుకోవడం బాపు పని. ఆయన వేళ్ళు చూపించి "ఫ్యూన్ఫ్", అంటే ఐదు, అనడం నేర్చుకున్నాడు. నేను వండిన పప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు, అది దయ. ఆమె మాత్రం ఐదో రోజు ఒక్కతే చెరువు చుట్టూ రెండు గంటలు నడిచి వచ్చి, వచ్చే ఏడాది రెండు పొయ్యిల స్టవ్ కొంటేనే వస్తానంది. వస్తానన్న మాట నాకు చాలు.

పిల్లాడి ధ్యాస అంతా ముద్రల మీదే ఉండింది. ఈ కొండల్లో 222 చోట్ల చిన్న చెక్క పెట్టెలు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక రబ్బరు ముద్ర ఉంచారు. పుస్తకంలో ఎనిమిది వేసుకుంటే కంచు బిళ్ళ, పదహారుకు వెండి, ఇరవై నాలుగుకు బంగారం. ఐదు దేశాల మిత్రుడి కొడుకు పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా పడలేదట, సరిహద్దుల్లో ఎవరూ ఆపరు కదా. మావాడు ఆ విషయం అతనికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. మాకు ఏడే వచ్చాయి.

చివరి రాత్రి వాన లేదు. క్యాంపు ఆఫీసులో కట్టెల మోపు కొని, వాళ్ళిచ్చిన ఇనుప తొట్టిలో మంట వేశాం. పురుగు పట్టి చచ్చిన స్ప్రూసే ఆ కట్టె. ఒక ముక్క బెరడు ఊడి పిల్లాడి చేతికొచ్చింది. లోపలి వైపు నిలువు గీత, దానికి రెండు పక్కలా సన్నటి గీతలు, పేజీ నిండా. వాడు దాన్ని మంట వెలుగులోకి తిప్పి తాతకిచ్చాడు.

"తాతా, ఏం రాసుంది చదువు."

బాపు కళ్ళద్దాలు సర్దుకుని, గీతల మీద వేలు పెట్టి, నా వైపు చూడకుండానే చదివాడు.

"ఈడ పల్లమున్నది. గుడారమెయ్యకుండ్రి."

నా భార్య వారం రోజుల్లో మొదటిసారి గట్టిగా నవ్వింది. పక్క క్యారవాన్‌లో దీపం వెలిగింది. టైము చూసుకుంటే పది దాటింది.